వంకర బాబాయి, కెమెరా మూత

జూలై పద్దెనిమిదో తేదీ. రాత్రంతా కురిసి అలసిపోయిన వాన తెల్లవారేసరికి తుంపరగా సన్నగిల్లింది. బస్టాండు ముందరి రోడ్డుకు మాత్రం చేతనైనంత బురదను భద్రంగా అప్పగించింది. ఆ బురదలో, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా తొడుక్కున్న ఒక పెద్దమనిషి మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకు ఒరిగిపోయిన మైలురాయిని తదేకంగా చూస్తున్నాడు. మెడ వాల్చి, ఒక కన్ను మూసి, నాలుక కొసను పళ్ళ మధ్య బిగించి కెమెరా ఎత్తాడు.

ఎదురుగా టీ కొట్టు. కొట్టు నడిపే ఆవిడను ఊరంతా ‘వదిన’ అనే పిలుస్తుంది. ఆవిడ భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు కనుక, కొట్టుకూ ఇంటికీ అత్తగారికీ ఆవిడే దిక్కు.

“బాబాయ్, చొక్కా పాడవుతుంది, లే! ఆ రాయి ఇవాళో రేపో పడిపోతుంది. దానికి ఫొటో ఎందుకు?”

“అది పడే రకం కాదమ్మాయ్, అలిగే రకం. ఎవరైనా బతిమాలతారేమోనని ఒరిగి చూస్తోంది.”

ఆయన తత్త్వాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: లోకంలో తిన్నగా ఉన్నదేదీ ఆయన కంటికి ఆనదు. ఒక మేకు ఊడి వేలాడే బోర్డు, చక్రం సొట్టపోయిన తోపుడుబండి, ఆకాశాన్ని కాక పక్కింటిని చూసే పొగగొట్టం, ఇవీ ఆయన ఆరాధ్యవస్తువులు. అందుకే వంకర బాబాయి అని పేరు పడింది. సూత్రం ఎంత గొప్పదైనా అపవాదమనే మినహాయింపు లేకపోతే దానికి శోభ రాదని వ్యాకరణం చదివినవాళ్ళందరికీ తెలుసు. బాబాయి ఆ సంగతిని ఏ వ్యాకరణమూ చదవకుండా రోడ్డు పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

చిత్రమేమిటంటే, ఆయన వృత్తి వంకరలు తీయడమే. చేతిసంచీ నిండా సూదులు, మరలు, నూనెసీసా పెట్టుకుని, బస్సుల మీద చిన్న చిన్న ఊళ్ళు తిరిగి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆయన చెయ్యి పడితే ఎంత మొండి మిషనైనా బుద్ధిగా, తిన్నగా కుడుతుంది. “రోజంతా తిన్నటి కుట్టు చూసీ చూసీ కళ్ళు కాయలు కాశాయమ్మాయ్,” అనేవాడు టీ తాగుతూ. “కాస్త వంకర చూస్తే గానీ చల్లబడవు.” కొట్టు ముందరి బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద ఇటుక ఉండేది. ఖాళీ ఎంత ఉన్నా బాబాయి ఆ ఊగే కొసనే కూర్చునేవాడు.

ఇక్కడే మునిసిపాలిటీ పొరపడి, ఆయన్ని తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి అనుకుంది. తెల్లచొక్కా, జేబులో పెన్ను, చేతిలో తోలుసంచీ, మెడలో కెమెరా! మొదటిసారి వచ్చినప్పుడు బస్టాండు పైకప్పు నుంచి వేలాడుతున్న రేకుకు ఫొటో తీస్తూ మునిసిపాలిటీ ఓవర్సీరు కంట్లో పడ్డాడు. ఓవర్సీరు సైకిలు దిగి, వినయంగా దగ్గరికి వచ్చాడు.

“ఈ ఫొటో ఎక్కడికి వెళ్తుందండీ?”

“ఇంటికండీ.”

“అంటే... పైవాళ్ళ ఇంటికాండీ?”

“మా ఇంటికి. పైన మేడ కూడా లేదు. గోడకు తగిలించుకుంటాను.”

ఓవర్సీరు పక్కకు వచ్చి నుదుటి చెమట తుడుచుకున్నాడు. “ఎంత లోతు మనిషో చూశారా! నోట్లోంచి ఒక్క ముక్క రానివ్వలేదు.” మర్నాడు తెల్లవారేసరికి కొత్త రేకు పడింది. నిజం చెప్పి ఇంత భయపెట్టినవాడు ఆ ఊరికి అంతకుముందు రాలేదు.

అప్పటినుంచి అదే వరస. బాబాయి దేని ముందు కెమెరా ఎత్తుతాడో అది రెండు రోజుల్లో బాగుపడేది. ప్రసూతి ఆసుపత్రి సందులో ఏళ్ళ తరబడి వెలగని దీపం వెలిగింది. పోస్టాఫీసు ముందు విరిగిన మెట్టు అతుక్కుంది. బడి పక్క మురుగుకాలువ మీద బండ పడింది. మైలురాయి సంగతి చెప్పనక్కరలేదు. ఆ మర్నాడే నిటారుగా నిలబడి, సున్నం పూసుకుని, కవాతుకు వచ్చిన పోలీసులా తయారైంది.

అలాంటప్పుడు బాబాయి తల పట్టుకుని కొట్టుకు వచ్చేవాడు. “నాశనం చేశారమ్మాయ్!”

“ఏమైంది బాబాయ్?”

“బాగుచేశారు!”

ఊరికి నవ్వుకోవడానికి ఆయన దగ్గర ఇంకొకటి కూడా ఉండేది: కెమెరా మూత. అది పాతకాలపు కెమెరా. కంటితో చూసే కిటికీ వేరు, బొమ్మను పట్టే అద్దం వేరు. అద్దం మీద మూత తీయడం మరిచిపోయినా, చూసేవాడికి అన్నీ చక్కగానే కనిపిస్తాయి. బాబాయి సగం సార్లు ఆ మూత తీసేవాడు కాదు. దారిన పోయేవాళ్ళు “బాబాయ్, మూత!” అని అరిస్తే, “ఆఁ, ఆఁ” అని తల ఊపి ‘టిక్కు’మనిపించి లేచేవాడు.

“కళ్ళకు గంతలు కట్టుకుని సంత చూసే మనిషిని ఈయన్నే చూశాను,” అనేవాడు పక్కన సెలూను నడిపే ఆయన.

“పోనీలే పాపం,” అనేది వదిన. “మతిమరుపు మనిషి.”

ఇక వంతెన సంగతి. ఊరి చివర కాలువ మీద ఒక సన్నని వంతెన ఉంది. ఏనాడో ఏదో బండి గుద్దడంతో దానికి ఒక పక్క ఇనుపకమ్మీలు కొన్ని ఊడి కాలువలో పడ్డాయి. మిగిలినవి ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు మెలితిరిగి, మాటల్లేని తోడికోడళ్ళలా నిలబడ్డాయి. బాబాయికి అది ప్రాణం. ఊళ్ళో ఉన్న ప్రతి సాయంత్రమూ వెళ్ళి దాని ముందు కూర్చునేవాడు. కాని ఒక్కసారి కూడా సంచీలోంచి కెమెరా తీసేవాడు కాదు. అడిగితే, “దానికి ఇంకా వెలుగు కుదరలేదమ్మాయ్,” అనేవాడు.

వదిన అత్తగారు పొద్దునా సాయంత్రమూ ఆ వంతెన దాటి వెళ్ళి పాలు తెస్తుంది. ఆవిడకు చూపు మందగించింది కాని, నోరు మందగించలేదు. “నేను తెస్తానత్తయ్యా” అంటే, “నువ్వు తెస్తే పాలు వస్తాయి, కబుర్లు రావు. నా కాళ్ళకు కళ్ళున్నాయిలే,” అనేది. కమ్మీలు వేయించమని వదిన మునిసిపాలిటీకి ఎన్ని అర్జీలు పెట్టిందో! వెళ్ళినప్పుడల్లా ఓవర్సీరు “చూద్దాం” అనేవాడు. ‘చూద్దాం’ అనేది ఉత్తమపురుష బహువచనం. అయితే ఓవర్సీరు నోట పలికినప్పుడు అందులో చూసే పురుషుడు ఎవరో ఇంతవరకు తేలలేదు.

ఆ జూలై పొద్దున బాబాయి మైలురాయికి ఫొటో తీసి, మోకాళ్ళ బురద దులుపుకుని, బల్ల మీద ఊగే కొసన కూర్చున్నాడో లేదో, అత్తగారు వచ్చింది. చీర నడుము దాకా బురద. చేతిలో పాలక్యాను లేదు.

“అత్తయ్యా! ఏమైంది?”

“క్యానుకు ఈత నేర్పుతున్నాను.”

“పడ్డారా?”

“పడలేదు. జారాను. రెంటికీ తేడా ఉంది. ఆ చివరి కమ్మీ చేతికి దొరికింది.”

వదిన చేతిలో గ్లాసులు అక్కడే పెట్టేసింది. అత్తగారిని లోపల కూర్చోబెట్టి వచ్చి, బాబాయి ఎదుట నిలబడింది.

“బాబాయ్, నాకొక్క సాయం చెయ్యి. కెమెరా పట్టుకుని ఆ వంతెన దగ్గర నిలబడు.”

బాబాయి గ్లాసు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. “ఏ వంతెన?”

“ఊళ్ళో ఉన్నది ఒక్కటే.”

“దానికి... వెలుగు...”

“ఏళ్ళ తరబడి అదే మాట! నీ వెలుగు కుదిరేలోపు మా అత్తయ్య కాలువలో కుదురుకుంటుంది!”

“నా గొడవ ఎత్తకు,” లోపలినుంచి కేక వినిపించింది. “నాకు ఈత వచ్చు.”

“ఎప్పుడు ఈదారత్తయ్యా?”

“పెళ్ళికి ముందు!”

మామూలుగా అయితే బాబాయి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. టీ సగం వదిలేసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వదిన ఆయన వదిలేసిన గ్లాసు తీస్తూ, ఆయన వెళ్ళిన వైపే చూసింది. మతిమరుపు మనిషిని, అల్పసంతోషిని, సొంత బాబాయి కన్నా ఆప్యాయంగా ‘అమ్మాయ్’ అని పిలిచే మనిషిని అందరి ముందూ కసిరింది. అలిగి ఏ బస్సో ఎక్కేస్తే? ఆయన మళ్ళీ ఈ ఊరు రాకపోతే ఆ వంతెనకు దిక్కెవరు? అత్తయ్యకు దిక్కెవరు?

సాయంత్రం ఆ దిగులులో ఉండగానే అత్తగారు గిన్నె తీసుకుని చప్పుడు చేయకుండా జారుకుంది. తెలిసి వదిన పరుగెత్తబోతే, ఆవిడే నిండు గిన్నెతో ఎదురైంది.

“ఎందుకే ఆ ఆయాసం? మీ బాబాయి అక్కడే ఉన్నాడు. చెయ్యి పట్టుకుని దాటించాడు. నా చెయ్యి కన్నా ఆయన చెయ్యే ఎక్కువ వణికింది.”

మర్నాడు సూర్యుడు నడినెత్తిన ఉండగా ఊరంతా వంతెన దగ్గర పోగయింది. బాబాయి వచ్చాడు! కొత్త తెల్లచొక్కా. మెడలో కెమెరా, చంకలో ఎవరూ ఎన్నడూ చూడని మూడుకాళ్ళ స్టాండు, నెత్తిన గొడుగు, చేతిలో దర్జీల టేపు. ఊడిన కమ్మీల మధ్య జాగాను కొలిచాడు, పెదవి విరిచాడు, మళ్ళీ కొలిచి, ఇంకా ఎక్కువ విరిచాడు. వంగి కాలువలోకి చూసి “చ్చు చ్చు” అన్నాడు. ఓవర్సీరు సైకిలు మీద వచ్చి, దిగడం కూడా మరిచిపోయి, పక్కకు పడ్డాడు.

“ఏమండీ, ఇది కూడా... ఇంటికేనాండీ?”

“ఇంటికేనండీ. ఈసారి పెద్ద సైజు.”

“ఎంత పెద్ద సైజండీ?”

బాబాయి రెండు చేతులూ చాచాడు. ఓవర్సీరు మొహం పాలిపోయింది.

వదిన గ్లాసుతో టీ పట్టుకుని దగ్గరికి వెళ్ళింది. ఎంతైనా నిన్న అన్న మాటకు సంజాయిషీ చెప్పుకోవాలి కదా! దగ్గరికి వెళ్ళాక చూస్తే, అద్దం మీద మూత అలాగే ఉంది.

“బాబాయ్, మూత!” అంది గొంతు తగ్గించి.

“ఉండనీ అమ్మాయ్.”

‘టిక్కు’మంది. ఆ చప్పుడు కెమెరాలోంచి రాలేదు. బాబాయి నోట్లోంచి వచ్చింది. నాలుకతో.

వదిన టీ ఒలికిపోతున్నా చూసుకోలేదు. దీపం లేని ఆసుపత్రి సందులో మూత ఉంది. పోస్టాఫీసు మెట్టు దగ్గర మూత ఉంది. బడి పక్క మురుగుకాలువ దగ్గర అందరూ అరిచి అరిచి నవ్వారు. అక్కడా మూత ఉంది. మైలురాయి దగ్గర లేదు. వేలాడే బోర్డు దగ్గర లేదు. నవ్వించే వంకరలకు మూత తీసేవాడు. కాళ్ళు విరిచే వంకరలకు మూత తీసేవాడు కాదు. ఇంతకాలం ఊరు నవ్వింది ఆయన మతిమరుపును చూసి కాదు, ఆయన జ్ఞాపకశక్తిని చూసి!

“అంటే నీకు మొదటినుంచీ తెలుసా, బాబాయ్? వీళ్ళు నిన్ను చూసి భయపడుతున్నారని?”

“గట్టిగా అనకు. విరిగిన మెట్టు బొమ్మ నాకెందుకమ్మాయ్? ఫిల్ము దండగ.”

“మరి ఈ వంతెన? ఇది నీకు ప్రాణం కదా! దీన్నైనా మూత తీసి...”

“నిన్న సాయంత్రం తీశాను.” బాబాయి గొడుగు చాటున ముసిముసిగా నవ్వాడు. “ఇన్నేళ్ళకు వెలుగు కుదిరింది. నీ కేకలకు భయపడి వచ్చుంటుంది.”

వారం తిరిగేసరికి వంతెనకు రెండు పక్కలా కొత్త కమ్మీలు వచ్చాయి, వాటి మీద నీలిరంగు కూడా. బాబాయి వచ్చి చూసి, మొహం తిప్పుకున్నాడు. “ఎంత తిన్నగా ఉన్నాయో! చూడలేకపోతున్నానమ్మాయ్.” అయినా అత్తగారు వాటిని పట్టుకుని, చూపు సరిగా ఆనకపోయినా చులాగ్గా దాటిపోతుంటే మాత్రం, ఆవిడ అవతలి ఒడ్డు చేరేదాకా చూస్తూనే ఉన్నాడు.

ఫొటో తెచ్చి ఇచ్చాడు. పొద్దువాలే వెలుగులో మెలితిరిగిన కమ్మీల నీడలు వంతెన పొడుగునా జడపాయల్లా అల్లుకున్నాయి. వాటి మధ్య గిన్నె పట్టుకుని, ఎవరినో తిడుతూ అత్తగారు. అది తీసిన మరుక్షణమే ఆయన పరుగెత్తి చెయ్యి అందించాడట.

అత్తగారు ఫొటోను కళ్ళకు ఆనించుకుని చూసింది. “నా ముక్కు వంకరగా వచ్చింది.”

“దాని కోసమే తీశానక్కయ్యగారూ,” అన్నాడు బాబాయి.

ఆ తరువాత కొన్నేళ్ళకు మోకాళ్ళు మొరాయించడంతో ఆయన బస్సులెక్కడం మానేసి, నగరంలో ఉన్న చెల్లెలి ఇంటికి చేరాడు. అలా వెళ్ళిన చాలాకాలానికి కొట్టుకు ఒక దళసరి కవరు వచ్చింది. వదిన దాన్ని అత్తగారికి వినిపించేలా గట్టిగా చదివింది:

“అమ్మాయ్, అక్కయ్యగారూ,

క్షేమం. బల్ల కింద ఇటుక తీయించలేదు కదా? తీయిస్తే నాకు రాయకండి, తట్టుకోలేను.

ఇక్కడ వీధులన్నీ గీత గీసినట్టు ఉన్నాయి. ఊపిరాడడం లేదు. అదృష్టం కొద్దీ మా ఇంటి ముందు ఒక గుంట ఉంది. కాని అది కాళ్ళు విరిచే రకం. మా చెల్లెలే రెండుసార్లు తూలింది. పాత పద్ధతిలో తెల్లచొక్కా వేసుకుని, మూత పెట్టి, రోజూ నిలబడి టిక్కుమనిపించాను. ఒక్కడూ భయపడలేదమ్మాయ్! ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, అందరూ ఫొటోలు తీసేవాళ్ళే. నా పక్కన నిలబడి వాళ్ళూ గుంటకు ఫొటో తీసుకుని పోయారు.

ఇక లాభం లేదని పారా తట్టా తెచ్చి నేనే పూడ్చడం మొదలుపెట్టాను. రెండో తట్టకు ఎదురింటావిడ వచ్చింది. మూడో తట్టకు ఆవిడ భర్త వచ్చి నీళ్ళు చల్లాడు. ఇన్నాళ్ళూ వాళ్ళు నన్ను పలకరించలేదు. ఇప్పుడు రోజూ టీ వాళ్ళింట్లోనే. నీ టీకి సాటి రాదు, కంగారు పడకు.

పూడ్చాక, మూత తీసి, ఒక్కటే ఒక్క ఫొటో తీశాను. జన్మలో నేను తీసిన మొదటి తిన్నటి ఫొటో. నున్నగా, చదునుగా, పరమ అసహ్యంగా వచ్చింది. పంపుతున్నాను.

కొట్లో గోడకు తగిలించండి. కాస్త వంకరగా.

మీ బాబాయి.”