పిట్లం సంబంధం

కూలికి పోయే ఆడపిల్లల బతుకుల మీద పరిశోధన కోసం బాన్సువాడలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. నిజాంసాగర్ కాలువ కింద నాట్లు వేసే ఒక గుంపుతో రోజూ ఆటోలో పొలానికి పోయేదాన్ని. నాకు చేతనైన వంకర నాటు వేస్తూ, మాటల్లో పెట్టి అడిగేదాన్ని. పనిలేని రోజు ఎక్కడికి పోతారు, ఫోన్‌లో ఎవరితో మాట్లాడతారు, ఇంట్లో ఎవరి మాట వింటారు.

జవాబులు మరీ కడిగిన ముత్యాల్లా ఉండేవి. డిగ్రీ మధ్యలో మానేసి నాట్లకు వస్తున్న ఒక అమ్మాయి గురించైతే ఎవరిని కదిపినా ఒకటే పాట.

"గా పిల్ల బంగారం అక్కా. తలెత్తి చూడది. ఫోనే ముట్టది."

ఆ బంగారం నా ఎదుటే రీల్స్ చూసి పడీపడీ నవ్వేది. నాకు ఒళ్లు మండేది. వీళ్లకు ఎవరో నేర్పి పంపుతున్నారని నా అనుమానం. నేను దగ్గరికి పోతే చాలు, మాటలు ఆగిపోయేవి.

ఒకరోజు గుంపును నడిపే అవ్వ నన్ను గట్టు మీదికి పిలిచింది. "పిట్లం సంబంధపోళ్లు పంపిండ్రా నిన్ను? దాపెట్టకు బిడ్డా."

అప్పుడు వెలిగింది. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్ల ఎట్లాంటిదో తెలుసుకోమని మగపిల్లవాడి వైపువాళ్లు ఎవరినో ఒకరిని గుట్టుగా పంపుతారు. ఆ బంగారం పిల్లకే పిట్లం నుంచి సంబంధం వచ్చింది. నేను అడిగినవన్నీ అచ్చం అలా వచ్చినవాళ్లు అడిగేవే. నా గుర్తింపు కార్డు చూపించాను.

"కార్డులు ఎవలైన కొట్టిచ్చుకుంటరు" అని అవ్వ నవ్వింది.

మర్నాడు సద్ది తినే వేళ ఆ అమ్మాయే వచ్చి పక్కన కూర్చుంది. "అక్కా, గీళ్లు చెప్పేదంత అబద్దం. నేను మంచిదాన్ని కానని చెప్పు పిట్లమోళ్లకు. నోరు పెద్దదని చెప్పు. నువ్వు చెప్తె ఇగ రారు. నేను మళ్ల కాలేజీకి పోవాలె."

అవ్వే నన్ను పరీక్షించడానికి పంపిందేమో అనుకున్నాను. కానీ ఆమె అవ్వకు వినబడకుండా గొంతు తగ్గించి మాట్లాడుతోంది. నేను వాళ్ల మనిషిని కానని ఒట్టు పెట్టాను. భయపడకు, నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను అన్నాను. మా పనిలో అది మొదటి నియమం. ఆ మాటతో ఆమెకు ధైర్యం వస్తుందనుకున్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎవ్వలకు చెప్పనిదానివి, గిన్ని దినాల సంది ఎందుకు అడుగుతున్నవ్ మరి?"

గిన్నె మూసి, మిగతా వాళ్ల దగ్గరికి పోయి కూర్చుంది.