పేరు పెట్టేటప్పుడు నిలబడకూడదు

మా అరాలికి ఎదురైన ప్రాణికల్లా ముద్దుపేరు పెట్టందే కాలు ముందుకు పడదు.

ముద్దుపేర్లు మా టోరో తెగ జనానికి కొత్తేం కాదు. మా వైపు మనిషిని అసలు పేరుతో పిలిస్తే పోలీసులు పిలిచినట్టుంటుంది. ఉన్నవి ఓ డజను ముద్దుపేర్లు. మంత్రి దగ్గర్నుంచి మేకల కాపరి దాకా అందరూ వాటితోనే సర్దుకోవాలి. ఎవరెదురైనా ముందు "ముద్దుపేరేంటి?" అని అడిగాకే కుశలప్రశ్నలు. అయితే ఈ మర్యాద మనుషులకు. అరాలి దాన్ని కిబాలే అడవి మొత్తానికీ పంచిపెట్టాడు.

అతను చింపాంజీలను చూపించే గైడు. నేను వెనకాల తుపాకీ మోసే కాపలావాణ్ణి, నా ముద్దుపేరు అట్వోకి. తుపాకీ ఇచ్చింది ఏనుగుల్ని బెదిరించడానికే గానీ, చాలాసార్లు అరాలినే బెదిరిద్దామనిపించింది.

పొద్దున్నే బయల్దేరేసరికి మంచు ఇంకా చెట్ల నడుముల దగ్గరే ఉంటుంది. ఆకుల మీంచి నీళ్లు కారుతుంటే వాన పడుతోందో వెలిసిందో తెలియదు. ఎక్కడో ఓ పిట్ట గొంతు సవరించుకుంటుంది. ఆ మసక పచ్చదనంలో నడుస్తుంటే నిద్ర లేచామా, ఇంకా కలలోనే ఉన్నామా అని నాకిప్పటికీ అనుమానమే. సరిగ్గా అప్పుడే అరాలి ఆగుతాడు.

"అయ్యయ్యో, ఈయనకి ఇంకా పేరే లేదు!" అంటూ ఓ మేడిచెట్టు మొదలు నిమురుతాడు.

"నిన్న దీనికే కదయ్యా అబ్వోలి అని పెట్టావు?"

"అది దీని తమ్ముడు."

"తమ్ముడికీ అక్కడే తొర్ర ఉందా?"

"అన్నదమ్ములన్నాక పోలికలుండవా?"

పేరంటే ఊరికే పెట్టి పోవడం కాదు. పేరు పెట్టేటప్పుడు ఎవరూ నిలబడకూడదట, తాతల నాటి పద్ధతి. అందరూ చెట్టు వేళ్ల మీద కూర్చోవాలి. పైగా పేరు పెట్టిన చోట నోరాడాలంటూ జేబులోంచి వేయించిన వేరుశనక్కాయలు తీసి పంచుతాడు. వచ్చినవాళ్లు చింపాంజీల కోసం వచ్చామా, పేరంటానికి వచ్చామా అని మొహాలు చూసుకుంటారు.

ఓసారి దారికడ్డంగా ఏనుగు నిలబడింది. నేను తుపాకీతో సహా అరాలి వెనక్కి చేరాను. అరాలి మాత్రం దూరం నుంచే వినయంగా, "అయ్యగారి ముద్దుపేరు?" అన్నాడు. ఏనుగు చెవులు విదిలించి, కాసేపు ఆలోచించి, పొదల్లోకి వెళ్లిపోయింది.

"చెప్పడానికి సిగ్గుపడ్డట్టుంది. మనమే ఓ పేరు పెడదాం. కూర్చో అట్వోకీ, నిలబడకూడదు" అన్నాడు. కూర్చున్నాను. నిజం చెప్పాలంటే కూలబడ్డాను.

ఆమధ్య మా గుంపులో అడ్యేరి అవ్వ వచ్చింది. పుట్టింది, పెరిగింది, ముసలిదయింది అడవి అంచునే. రోజూ చింపాంజీల అరుపులకే నిద్ర లేస్తుంది. కానీ ఒక్కదాన్నీ కంటితో చూడలేదు. ఇన్నాళ్లకు మనవరాలు టికెట్టు కొనిచ్చింది.

"జన్మంతా నా నిద్ర చెడగొట్టిందెవరో ఒక్కసారి మొహం చూడాలి నాయనా, ఆ తర్వాత పోయినా పర్లేదు" అంది.

ఆమెతోపాటు కంపాలా కుర్రాడు సెకిట్టో. మెడలో తన తలకాయంత కెమెరా. మేమెక్కాల్సిన మిట్ట అవతల చింపాంజీలు మేడిపళ్లు తింటున్నాయి. తినడమైపోతే ఏటి వైపు వెళ్లిపోతాయి, ఇక ఆ రోజుకు కనిపించవు. ఇవాళ కాకపోతే అవ్వకు ఇంకో టికెట్టు లేదు.

అరాలి ఆరోజే చెలరేగిపోయాడు. చెట్టుకో పేరు, పుట్టకో పేరు. ఆఖరికి ఓ రోకలిబండ పురుగుకు కూడా అకీకి అని పెట్టి అందరినీ కూర్చోబెట్టాడు.

"ఏంటండీ ఇది, జనాభా లెక్కలా?" సెకిట్టో ఎగిరిపడ్డాడు. అంతలో మిట్ట అవతల చింపాంజీలు చెట్ల వేళ్ల మీద దబదబా బాదాయి. కదులుతున్నాయన్నమాట. "అవ్వని ఈయన దగ్గరుంచి మనిద్దరం పరిగెడదాం, పదండి!" అన్నాడు నాతో.

అవ్వ నవ్వింది. "వెళ్లండి బాబూ. నేనిక్కడే కూర్చుని వింటాను. వినడం నాకలవాటేగా."

అరాలి మాత్రం ఎదురుగా ఉన్న మాను చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఇంత పెద్దాయన్ని పలకరించకుండా వెళ్తామా! బాబూ, ఈయనకి నువ్వే పెట్టు పేరు."

సెకిట్టో పళ్లు నూరుతూ కూర్చున్నాడు. వేరుశనక్కాయల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆకుల సందుల్లోంచి దిగిన వెలుగులో మంచు మెల్లగా తిరుగుతోంది. అప్పుడు మిట్ట మీంచి నల్లగా ఒకటి దిగింది. దాని వెనక ఇంకొకటి. గుంపంతా ఏటికి మా దారినే వస్తోంది. వీపున పిల్లనెక్కించుకున్న ఓ తల్లి అవ్వకెదురుగా ఆగి, చతికిలబడి, తలొంచి చూసింది.

"నువ్వా తల్లీ?" అంది అవ్వ గుసగుసగా. కాసేపటికి గుర్తొచ్చినట్టు, "ముద్దుపేరేంటి?" అని అడిగింది. అది పిల్లను సర్దుకుని వెళ్లిపోయింది. సెకిట్టో కెమెరా ఎత్తడమే మర్చిపోయాడు.

తిరుగు దారంతా పల్లం. అవ్వ కబుర్లు చెప్పుకుంటూ లేడిపిల్లలా ముందు నడుస్తోంది. అరాలి ఒక్క చెట్టు దగ్గరా ఆగలేదు.

"ఏం, ఈ పక్క చెట్లన్నీ అనాథలేనా?" అన్నాను.

"వీటికేం తొందర్లేదులే" అన్నాడు.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. పోయిన నెల నిండు గర్భిణి పంతులమ్మ వచ్చినప్పుడూ ఇంతే, అడుగుకో నామకరణం. పీపాలాంటి వ్యాపారి వచ్చినప్పుడూ అంతే. ఎవరికి ఊపిరాడకపోతే వాళ్ల పక్కనున్న చెట్టుకే పేరు లేకుండా పోతుంది! ఏనుగు రోజున కూలబడింది నేనే. ఎవరి మూలంగా ఆగామో ఎవరికీ తెలియనివ్వడు, పిచ్చివాడన్న పేరు తనొక్కడే మోస్తాడు. ఆ క్షణాన అతణ్ణి గట్టిగా హత్తుకోవాలనిపించింది.

నాకు తెలిసిపోయిందని అతనికి చెప్పలేదు, చెబితే చెడగొట్టినట్టవుతుంది. ఈ వానాకాలం నా మోకాలు పట్టేసింది. మొన్న మిట్ట సగంలో కుంటుతుంటే ముందు నడిచేవాడు ఠక్కున ఆగాడు.

"అయ్యయ్యో అట్వోకీ, ఈయనకి పేరే లేదు!"

అదే తొర్ర ఉన్న మేడిచెట్టు. తమ్ముడో అన్నో నేనడగలేదు. బుద్ధిగా కూర్చుని, వేరుశనక్కాయల కోసం చెయ్యి చాపాను.