ఒంటిగంట సైకిల్

మొన్న బజారు నుంచి వస్తూ సైకిల్ షాపు ముందు ఆగిపోయాను. ఎండలో వేలాడదీసిన కొత్త టైర్ల నుంచి వేడెక్కిన రబ్బరు వాసన వస్తోంది. ఆ వాసన ముక్కుకు తగలగానే, అంత ఎండలోనూ నా అరికాళ్లు చల్లబడ్డాయి. షాపతను “ఏం కావాలమ్మా” అని రెండుసార్లు అడిగాడు. ఏమీ వద్దని చెప్పి ఇంటికి వచ్చేశాను గానీ, ఆ పూటంతా మెహర్ ఆపా నా పక్కనే కూర్చున్నట్టు అనిపించింది. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. ఆమె నాకు నేర్పింది సైకిల్ తొక్కడం ఒక్కటే. దానివల్ల నాకు జరిగినదాన్ని మా ఆయనకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల నడిమి సంవత్సరాల్లో ఆదోని టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరాను. పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గం నేసుకునే ఇల్లు. పెళ్లయి ఆదోనికి వచ్చాను. మా ఆయన పత్తి మార్కెట్లో గుమాస్తా. అప్పట్లో ఎవరు ఫోన్ ఎత్తినా నంబరు కలిపేది మేమే. ఎదురుగా బోర్డు, చెవులకు హెడ్‌సెట్, రెండు చేతుల్లో తీగలు. పత్తి దిగే రోజుల్లో బొంబాయికి ట్రంక్ కాల్ కలపమని వ్యాపారులు అరిచే అరుపులు ఇంటికి పోయి అన్నం కలుపుతున్నా చెవుల్లో మోగుతూనే ఉండేవి. మా సూపర్‌వైజరు మెహరున్నీసా. నలభై దాటిన మనిషి. భర్త పోయాక అన్నావదినల ఇంట్లో ఉండేది. తెల్ల వాయిల్ చీర, తలమీద కొంగు. ఆ కొంగు జారకుండా సైకిల్ తొక్కుకుంటూ డ్యూటీకి వచ్చేది. ఊరు మొదట్లో నవ్విందట. ఆమె పట్టించుకోకపోయేసరికి ఊరికే విసుగు పుట్టి మానుకుంది.

నాకు రెండో కాన్పు అయిన అయిదు నెలలకు ఒకరోజు బోర్డు ముందు ఏడ్చేశాను. పెద్ద కారణమేమీ లేదు. ఎవరో వ్యాపారి లైను తెగిందని తిట్టాడు, అంతే. మెహర్ ఆపా వచ్చి నా తలమీంచి హెడ్‌సెట్ తీసి తాను పెట్టుకుని, మధ్యాహ్నం ఒంటిగంట దాకా నా సీట్లో కూర్చుంది. డ్యూటీ దిగాక అడిగింది.

“ఇప్పుడు ఇంటికి పోయి ఏం చేస్తావ్?”

“బట్టలు ఉతకాల మేడం. బియ్యం ఏరాల. పిల్లోళ్లకు...”

“ఆఫీసులో టైమ్ ఆఫీసుది. ఇంట్లో టైమ్ ఇంటిది. నడుమ దారి ఉంది సూడు పద్మా, అదొక్కటే నీది. దాన్ని రవ్వంత పొడుగు చేసుకో.”

తన అన్న కూతురు వదిలేసిన లేడీస్ సైకిల్ ఒకటి తెచ్చి, ఎక్స్ఛేంజీ వెనక ఖాళీ జాగాలో మూడు వారాలు నన్ను దాని మీద నిలబెట్టింది. మోచేతులు కొట్టుకుపోయాయి. ఇంట్లో అడిగితే మెట్ల మీద జారానన్నాను. డ్యూటీ రెండింటి దాకా అని కూడా చెప్పాను. ఆ ఒక గంట అబద్ధంలోంచే నా సైకిలు బయలుదేరింది. అప్పటినుంచి ఆమె నాకు మేడం కాదు, ఆపా, అంటే అక్క.

ఒంటిగంటకు ఆదోనిలో ఎండకు కుక్కలు కూడా కదలవు. ఇద్దరం ఎమ్మిగనూరు దారి పట్టేవాళ్లం. ఊరు దాటితే నల్లరేగడి చేలు, దూరంగా ఒకదానిమీద ఒకటి ఎక్కించినట్టున్న రాతి గుండ్లు, ముందు రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు ఎండమావి. రోడ్డు పక్కన రెండు పెద్ద బండలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. అక్కడ దిగి, నీళ్లు తాగి, వెనక్కి తిరిగేవాళ్లం. మాటలు తక్కువ. అంత నిశ్శబ్దంలో మా చైన్ల చప్పుడు మాకే పరాయిగా వినబడేది. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తిరిగితే ఏదో ఒకటి సోకుతుందని మా అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి ఒకసారి ఆపాతో అన్నాను. “సోకనీ. అది గూడా మనతో పాటే తొక్కుతాది” అని నవ్వింది. ఎనిమిదేళ్లు అలా గడిచాయి. పండుగలు, జ్వరాలు, వానలు పోను మిగిలిన రోజులన్నీ.

ఎనభైల్లో ఒక ఎండాకాలం ముందు ఆపాకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఆమె సీటు ఖాళీ అయింది. వేరే మనిషిని వేయలేదు. ఆ పని కూడా నా మీదే పడి, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా బోర్డు ముందే ఉండేదాన్ని. ఇంట్లో అత్తగారికి తుంటి విరిగింది. పెద్దవాడి పరీక్షలు. సైకిల్ ఎక్స్ఛేంజీ వెనక గోడకు ఆనుకుని గాలి దిగిపోయింది. సాయంత్రం ఇంటికి పోతూ ఆపా దగ్గర పది నిమిషాలు కూర్చునేదాన్ని. గోడ వైపు తిరిగిన మంచం, దాని మీద తెల్ల దుప్పటి. నేను కూర్చోకముందే అడిగేది.

“పోయినావా?”

“పోయినా ఆపా.”

లేదంటే ఆ ముఖం ఏమవుతుందో చూడలేక మొదటిరోజు అలా అన్నాను. తర్వాత అదే అలవాటైంది. వారం గడిచాక ఒక సాయంత్రం నేను అబద్ధం చెప్పకముందే ఆమె అంది.

“ఈ పొద్దు బండల కాడ శానా సేపు నిలబడినావే. నీలం చీర బాగుంది. కొంగు నడుముకు సుట్టుకున్నావ్, మంచి పని. చైన్లో పడతాది.”

నాకు నీలం చీర ఒక్కటే ఉంది. ఆరోజు అది ఇంటి దండెం మీద ఆరుతోంది. మనిషికి మతి చలించిందేమో అనుకుని దుప్పటి సరిచేసి వచ్చేశాను. మర్నాడు మళ్లీ చెప్పింది, నేను ఎదురుగాలికి వంగి తొక్కానని. ఆ మధ్యాహ్నం నిజంగానే గాలిదుమారం లేచి మా ఎక్స్ఛేంజీ కిటికీ అద్దం పగిలింది. ఆ తర్వాత రోజూ చెప్పేది. నేను తలాడించేదాన్ని.

ఆ ఆదివారం మా తమ్ముడు శీను ఎమ్మిగనూరు నుంచి పిల్లలకు బొరుగులు తీసుకుని వచ్చాడు. అందరం వసారాలో కూర్చున్నాం. వాడు నావైపు చూసి నిష్ఠూరంగా అన్నాడు.

“ఏమక్కా, నిన్న బస్సులోంచి అంతగా పిలిస్తే పలకలేదే! ఆదోనికి పని మీద వస్తాంటే రోడ్డు మీద కనపడితివి. సైకిల్ తొక్కుకుంటా పోతాండావు. మొగం గూడా తిప్పలేదు.”

మా అత్తగారు మంచం మీద తల ఎత్తింది. అప్పుడు మా ఆయన చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అడిగాడు.

“ఎన్ని గంటలకు సూసినావ్ శీనా?”

“ఒంటిగంట అయ్యుంటాది బావా.”

“ఒంటిగంటకు మార్కెట్ నుంచి నేను ఫోన్ సేసినా. ఈమె గొంతే పలికింది. ఈమే లైను కలిపింది.”

“మా అక్కను నేను గుర్తుపట్టనా బావా? నీలం చీర.”

వాడు పోయాక మా ఆయన తలుపు దగ్గరగా వేసి, “సెప్పు” అన్నాడు. ఎనిమిదేళ్ల గంటను, ఆపా మాటలను, అన్నీ చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. ఆయన చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. “రేపు లీవు పెట్టు. పోయి సూసిరా. ఇంట్ల నేనుంటా” అన్నాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన నాకు ఇచ్చిన మొదటి మధ్యాహ్నం అది.

గాలి కొట్టించుకుని బయలుదేరాను. చాలా రోజులైంది కదా, తొడలు పీకాయి, ఊపిరి అందలేదు. ఊరు దాటి రెండో మలుపు తిరిగేసరికి ఎండమావిలో ముందు నీలంగా ఏదో కదిలింది. సైకిల్. ఆడమనిషి. నేను జోరుగా తొక్కితే తానూ అంతే ముందు, నెమ్మదిస్తే తానూ అంతే దూరంలో. నా చైను కరకరలాడుతోంది గానీ ఆ వైపు నుంచి చప్పుడే లేదు. పిలవాలనుకున్నాను. ఏమని పిలవాలి? ఎండిపోయిన నోటితో నా పేరే నేను అరిచాను, “పద్మా!” ముందున్న మనిషి బండల దగ్గర దిగింది. నేను ఎలా దిగుతానో అలాగే, ఎడమ కాలు ముందు ఆనించి. బండల నీడలోకి నడిచింది.

నేను చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. బండల చుట్టూ మూడుసార్లు తిరిగాను. దుమ్ములో నా టైరు గుర్తు ఒక్కటే ఉంది. భయంతో పారిపోవాలి నిజానికి. కానీ నేను ఆ నీడలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నేను వదిలేసినదాన్ని నా బదులు ఎవరో ఇన్నిరోజులూ మోసుకు తిరిగినట్టనిపించింది. తర్వాత లేచి, నీళ్లు తాగి, వెనక్కి తొక్కాను. వెనక్కి చూడలేదు.

నేరుగా ఆపా ఇంటికే పోయాను. వాళ్ల వదిన నన్ను చూసి కంగారుపడి, తుడుచుకోమని తువ్వాలు తెచ్చింది. ఆపా కళ్లు మూసుకుని ఉంది. ఈసారి పోయినావా అని అడగలేదు. నేనే ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను.

“ఆపా, ఇన్నిరోజులు నేను పోలేదు. అబద్ధం సెప్పినా. ఈ పొద్దే పోయినా.”

ఆమె ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి నా నుదురు తడిమింది. వేళ్లు తడిశాయి. ఆ తడిని కళ్లు తెరిచి చూసుకుంది.

“తెల్సు,” అంది ముద్దగా. “ఆమెకు చెమట పట్టేది కాదు.”

ఆ వేసవి దాటకుండానే ఆపా పోయింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒంటిగంట ప్రయాణం మానలేదు నేను. పని ఎక్కువైతే ఇద్దరు ఆపరేటర్లతో డ్యూటీ మార్చుకున్నాను, పై అధికారులతో గొడవపడి మనిషిని వేయించుకున్నాను, ఇంట్లో మధ్యాహ్నం పొయ్యి మా ఆయన చూసుకున్నాడు. నీలం చీర మనిషిని ఆ తర్వాత నేను చూడలేదు, ఇంకెవరైనా చూసినట్టూ వినలేదు.

ఇప్పుడు మోకాళ్లు సైకిల్ తొక్కనివ్వవు. అయినా ఎండ కాస్త తగ్గగానే రోజూ ఒక మైలు నడుస్తాను. మా అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది, ఇద్దరు పిల్లలు. పెళ్లి కాకముందు చక్కగా పాడేది. హార్మోనియం అటక మీద ఉంది. “టైమ్ యాడుందమ్మా” అంటుంది ఫోన్లో. “నువ్వు పాడకపోతే నీ బదులు ఎవరో పాడతారు తల్లీ, జాగ్రత్త” అంటాను. ముసలితనం మాటలనుకుని పకపకా నవ్వుతుంది. నేను నవ్వను. ఆ నవ్వు వెనకాల, వాళ్లింట్లో ఇంకేదైనా గొంతు వినబడుతుందేమోనని, ఫోన్ పెట్టేసేదాకా చెవి ఒగ్గి వింటాను.