అంచు దగ్గర తగ్గిన నీళ్లు

వరద అంచనాల ఆఫీసులో అందరూ ఆమెను ‘మళ్ళీచూద్దాం’ అనేవారు. ఏ లెక్కనైనా రెండోసారి చూడనిదే వదలదు మరి. ఆమె ఓ మోటారు మెకానిక్కు రెండో కూతురు. పంపులో తేడా వస్తే చెవితోనే పట్టేసే ఆ తండ్రి చాదస్తమే ఆమెకూ అబ్బింది.

ఆమె పని నదిని కంప్యూటర్లో పారించడం. అంత నదినీ ఒక్క యంత్రమే లెక్కగడుతూ కూర్చుంటే ఈలోగా వరద వచ్చి వెళ్లిపోతుంది. అందుకని నదిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో కంప్యూటర్‌కు అప్పగిస్తుంది. అన్నీ ఒకేసారి లెక్కిస్తాయి. కానీ పక్క ముక్క నుంచి ఎన్ని నీళ్లు వస్తున్నాయో తెలిశాకే ఏ ముక్కయినా ముందుకు కదలాలి.

ఆ ఉదయం ఎగువన కుండపోత. డ్యాం అంచుల దాకా నిండింది. గేట్లు ఎత్తితే పల్లపు కాలనీ మునుగుతుందో లేదో తేలాలి. ఆమె అక్క, ఇద్దరు పిల్లలతో ఆ కాలనీలోనే ఉంటోంది. పెద్దింజనీరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆయన తొందర చూసి, కంప్యూటర్లు ఒకదాని కోసం ఒకటి ఆగాలన్న నియమాన్ని ఆమె తీసేసింది. లెక్క పరుగులు పెట్టింది. కాలనీకి ముప్పు లేదని తేలింది.

“హమ్మయ్య. గేట్లు ఎత్తమని చెప్పేస్తున్నా,” అంటూ ఆయన ఫోన్ అందుకున్నాడు.

ఆమె మాత్రం వచ్చిన నీళ్లనూ పోయిన నీళ్లనూ సరిచూసింది. కాలనీకి ఎగువన వంతెన దగ్గర, రెండు ముక్కలు కలిసే అంచున, లెక్కలో నీళ్లు తగ్గాయి. పక్క ముక్క కబురు అందకముందే ఈ ముక్క పాత అంకెతో ముందుకెళ్లిపోయింది.

“సార్, ఆగండి. ఆ లెక్క తప్పు. తొందరలో ఆగే నియమం తీసేసింది నేనే.”

ఆయన ముఖం నల్లబడింది. “ఇప్పుడా చెప్పేది? నీకోసం డ్యాం ఆగుతుందా?”

“ఆగదు. గేట్లు ఎత్తక తప్పదు. ముందు కాలనీ ఖాళీ చేయించండి. మునగకపోతే ఆ తిట్లేవో నేనే తింటా.”

“మీ అక్క ఉందనా?”

ఆ మాట చురుక్కున తగిలింది. “అక్క లేకపోయినా ఇదే చెప్పేదాన్ని సార్.”

ఆయన కాసేపు గేట్లు ఆపించి, కాలనీకి వ్యాన్లు పంపాడు. ఆమె తీసేసిన నియమాన్ని తిరిగి పెట్టి లెక్క మొదలుపెట్టింది. ఈసారి నత్తనడక. అక్క ఫోన్ ఎత్తడం లేదు.

లెక్క తేలేసరికి తెర మీది మ్యాపులో కాలనీ అంతా మునిగినట్టు నీలంగా మారింది. కాలనీ ఖాళీ అయ్యాక గేట్లు ఎత్తారు. మధ్యాహ్నానికి అక్కడ నిజంగానే నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. సాయంత్రం ఓ బడి వరండాలోంచి అక్క ఫోన్ చేసింది.

“ఇది పక్కింటావిడ ఫోను. నాది ఆ తోపులాటలో ఎక్కడో పడిపోయింది. పిల్లలు నాతోనే ఉన్నారు. ఇల్లే, పోయింది.”

“పోనీలే అక్కా,” అంది.

వెనక నుంచి పెద్దింజనీరు గొంతు వినిపించింది. “దిగువ ఊళ్ల లెక్క ఎంతసేపట్లో అవుతుంది?”

“ఎంత పడితే అంత సార్.”

ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.