తలుపుల్లేని ఇంటికి దిష్టి

నా చిన్నప్పుడు మా ఇంటికి కొన్నాళ్ళు వీధి తలుపుల్లేవు. పీకించినవాడు మా ఊరి పురుగుమందుల కొట్టాయన. అతను అరువిచ్చిన మందు ఎంత కొట్టినా పత్తిలో పురుగు చావలేదు. మా నాన్న మాత్రం ఇల్లు తాకట్టు పెట్టి అతని గుప్పిట్లో పడ్డాడు. కోర్టులో వేలానికి ఉత్తర్వు తెచ్చుకున్నది చాలక, మేం భయపడి ఇల్లు ఖాళీ చేసి పోతామని మనుషుల్ని పంపి తలుపులు ఊడబెరికించి బండెక్కించుకుపోయాడు. వాడి చేతులు పడిపోను! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

అప్పుల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళు వేలం వేయకుండా గడువిచ్చే చట్టం రాబోతోందని అప్పట్లో పేపర్లో పడింది. మా నాన్న రోజూ టీకొట్టు దగ్గర పేపరంతా ఆ ముక్క కోసమే వెతికేవాడు. కొట్టాయనా చదివాడు కాబోలు, చట్టం వచ్చేలోపే ఇల్లు లాగేసుకోవాలని తొందరపడ్డాడు. కల్లంలో మా మిరపకాయలు ఎండుతున్నాయి, ధర కూడా బాగుంది. ఆ ఒక్క వేలం తప్పితే ఇల్లు దక్కుతుంది.

ఆ రోజు కోర్టు అమీనా మా వాకిట్లో డప్పు కొట్టించాడు. పాడుకోవడానికి దర్శి నుంచి ఆసాములు దిగారు. మా అమ్మ ఏడుస్తోంది. మా నాయనమ్మ మాత్రం చేటెడు ఎండుమిరపకాయలు తెచ్చి, గడప ముందు నిప్పుల కుంపటి పెట్టి, తలుపుల్లేని ద్వారబంధానికి దిష్టి తీసింది. దిష్టికి గుప్పెడు చాలు. ఆమె చేటంతా నిప్పుల్లో కుమ్మరించింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఆ పూట ఘాటుకు వీధి వీధంతా దగ్గింది.

"చూశారా, మా ఇంటి దిష్టి పోయింది! ఇంక ఈ గడప మీద కన్నేసినోళ్ళకే తగులుకుంటది. పాడండయ్యా, ఎవరు పాడతారో పాడండి!" అని కొంగు బిగించింది.

ముక్కులు మూసుకున్న ఆసాములు నోరు విప్పలేదు. ముసలిదాని ఉసురు పోసుకునే ధైర్యం ఎవరికుంది? పాట లేక వేలం వాయిదా పడింది.

ఆ చట్టం ఇదిగో అదిగో అంటూనే అటకెక్కింది. మిరపకాయలే మా బాకీ తీర్చాయి. తలుపులు మాత్రం కొట్టాయన తిరిగివ్వలేదు, తన గోడౌనుకు బిగించుకున్నాడు.

కొన్నేళ్ళకు అతని మేడే బ్యాంకు వేలానికి వచ్చింది. నాయనమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి జనంలో ముందు నిలబడింది. దుమ్మెత్తిపోస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె అతని దగ్గరకెళ్ళి, ఎంతో ప్రేమగా, "తలుపులు జాగ్రత్త నాయనా," అంది. అంతే. అతని మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. తిరిగి వస్తూ నాకు జీళ్ళు కొనిపెట్టింది.

పగ మంచిది కాదమ్మా, మరిచిపో అని నాకు చాలామంది చెప్పారు. వాళ్ళ తలుపులు ఎవరూ పీకలేదు మరి. ఆ జీడి తీపి ఇంకా నా నాలుక మీదే ఉంది.