మావయ్యగారి ఆఫీస్ కాపీ

పని మధ్యలో లేవాల్సొస్తే కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేయడం నాకు చచ్చినా ఇష్టం ఉండదు. తెరిచిన పన్నెండు ఫైళ్లూ మళ్లీ ఎవరు వెతుక్కుంటారు? హైబర్నేట్ చేస్తే అన్నీ డిస్కులో దాచుకుంటుంది, కరెంటు పోయినా బెంగలేదు అని మా కాలేజీ కంప్యూటర్ మాస్టారు చెప్పారు. కానీ అది లేవడానికి నిమిషం పడుతుంది. అప్పట్లో నాకంత ఓపిక ఉండేది కాదు. అందుకని స్లీపే. కరెంటు ఉన్నంతసేపూ ఎక్కడివక్కడే ఉంటాయి.

మా మావయ్యగారికేమో ఉరుము వినబడితే చాలు, చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి వెళ్తుంది. కోడూరులో ఉండగా పిడుగుపాటుకి టీవీ కాలిపోయింది. గుడివాడ వచ్చేసినా ఆ భయం పోలేదు.

దివిసీమ వ్యవసాయ పదాల మీద నా పీహెచ్‌డీ ఆఖరి అధ్యాయం మర్నాడు గైడ్ గారికి ఇవ్వాలి. పొద్దున రాసిన నాలుగు పేజీలు సేవ్ చేయకుండానే స్లీప్‌లో పెట్టి, బందరులో పరీక్ష డ్యూటీకి పరుగెత్తాను. అక్కడ ఫోన్లు బయటే పెట్టించారు. మధ్యాహ్నం బయటికొచ్చేసరికి వాన దంచేస్తోంది. ఇంటికి ఫోన్ చేశాను.

"మావయ్యగారూ, మెయిన్ ఆపలేదు కదండీ?"

"ఎప్పుడో ఆపేశానమ్మా."

ఇంకేమీ వినకుండా పెట్టేశాను. బస్సు పెడన దాటేదాకా ఆయన్ని తిట్టుకున్నాను, ఆ తర్వాత నన్ను.

ఇంటికొస్తే బల్ల మీద పాత క్యాలెండరు కాగితాలు. వెనకవైపంతా పెన్సిల్‌తో ముత్యాల్లాంటి అక్షరాలు, నా నాలుగు పేజీలూ. ముప్పయ్యేళ్లు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసిన మనిషి. ఆఫీస్ కాపీ తీయకుండా ఏ కాగితాన్నీ బల్ల దాటనిచ్చేవారు కాదట.

"మబ్బు పట్టిందని మౌస్ కదిపి చూశానమ్మా. ఆపడానికి మూడు పేర్లున్నాయి. దేన్ని నొక్కితే ఏం పోతుందోనని ముందు రాసేసుకున్నాను. చెబుదామంటే ఫోన్ పెట్టేశావు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మీద పట్టలేనంత ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. ఇప్పుడు బుద్ధిగా హైబర్నేటే చేస్తున్నాను.

ఆ సాయంత్రం కరెంటు వచ్చాక ఆ కాగితాలు చూసి టైపు చేసుకుంటూ పోయాను. రైతుల మాటలన్నీ ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. మూడో పేజీలో నా సొంత వాక్యం ఒకదాని పక్కన చిన్నగా రాసి ఉంది: "ఇది నాకు అర్థం కాలేదు. ఉన్నదున్నట్టు ఎక్కించాను."

నాలుగుసార్లు చదివాను. నాకూ అర్థం కాలేదు. కొట్టేసి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాశాను.