ఐదు-పదకొండు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు మాట, నవంబరు నెల. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక బీర్ ఫ్యాక్టరీకి క్వాలిటీ సూపర్‌వైజర్‌ని. సీసాల మీద తేదీలు, లోపలి సరుకు రీడింగులు సరిచూసి సంతకం పెట్టడం నా పని. నా సంతకం లేనిదే ఒక్క పెట్టె గేటు దాటేది కాదు.

ప్రభుదాసు మా ల్యాబ్ టెక్నీషియన్. భీమవరం వాడు, నలభై దాటాయి. పిపెట్ పట్టుకుంటే చుక్క తేడా రానివ్వని చెయ్యి. ఇంటి బేస్‌మెంట్‌లో సొంతంగా ముదురు బీర్ తయారుచేసి, సీసాల్లో నెలల తరబడి ఊరబెట్టేవాడు. చర్చిలో ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు.

ఆ నెలలో అతనికి హెర్నియా ఆపరేషన్ అయింది. బరువులు ఎత్తకూడదు. జాడీలో పులుస్తున్న బీర్ తయారైందో లేదో రీడింగ్ చూసి, అయితే సీసాల్లో పట్టమని నన్ను అడిగాడు. జాడీ మీద 5-11 అని రాసి ఉంది. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ తేదీలో నెలనే ముందు చదివిన కళ్లు నావి. మే పదకొండు అనుకున్నాను. ఆరు నెలలైంది, బుడగలూ లేవు, ఇంకేం పులుస్తుంది?

ఆ సంగతి చెప్పాల్సింది హైడ్రోమీటర్, అంటే మిగిలిన తీపిని చూపే గాజు గొట్టం. మూడు రోజుల తేడాతో రెండు రీడింగులు ఒకేలా రావాలి. కొత్తవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే. ఆ రోజు నా బుద్ధి గడ్డి తిన్నది, దాన్ని బయటికే తీయలేదు. గ్యాస్ పుట్టడానికి పంచదార కలిపి, నలభై సీసాలకు మూతలు బిగించి, వెచ్చగా ఉంటుందని ఫర్నేస్ గదిలో పెట్టి వచ్చాను.

అది నవంబరు ఐదున మొదలుపెట్టిన బీర్. రెండు వారాలైనా నిండలేదు. బేస్‌మెంట్ చలికి పులియడం ఆగిందంతే, వెచ్చదనం తగలగానే మళ్లీ మొదలై, మూత బిగించిన సీసాల్లో గ్యాస్ కిక్కిరిసింది. క్రిస్మస్‌కి వారం ముందు ప్రభుదాసు ఒక సీసా చేతిలోకి తీసుకోగానే పేలింది. కుడి చేతి నరాలు తెగాయి. రెండు ఆపరేషన్లయినా బొటనవేలు వంగలేదు.

ఆసుపత్రిలో నా తప్పు ఒప్పుకున్నాను. అతను కట్టుకేసి చూసుకున్నాడు.

"మీరు మనవాళ్లే కదా అంకుల్, రోజే ముందు చదువుతారనుకున్నా."

తిట్టినా బాగుండేది. ఇప్పుడతను ఒక వేర్‌హౌస్ గేటు దగ్గర కూర్చుని ఎడమ చేత్తో పాసులు చూస్తున్నాడు. నేను పూర్తి గౌరవాలతో రిటైరయ్యాను.

తేదీని నమ్మకూడదు, రీడింగ్‌నే నమ్మాలి. ఈ పాఠం అంతకుముందే నాకు తెలుసు.